మెక్సికన్ వంట ఇంట్లోనే: ఏ ప్రాంతం, ఏ మిరపకాయ, ఏ పద్ధతి

సూపర్ మార్కెట్లో దొరికే "మెక్సికన్ సీజనింగ్" ప్యాకెట్‌తో ఈ గైడ్‌కి పని లేదు, ముందే చెప్పేస్తున్నాను. అందులో ఉండేది ముఖ్యంగా జీలకర్ర, కారప్పొడి, వెల్లుల్లి పొడి. ఆ రుచి టెక్సస్‌ది. కరిగించి పోసిన పసుపు చీజ్, గట్టిగా కరకరలాడే టాకో షెల్, రాజ్మా వేసిన చిల్లీ, ఇవన్నీ సరిహద్దుకి అటువైపు అమెరికాలో పెరిగిన వంటలు. తినొద్దని చెప్పడం లేదు, నేనూ తింటాను. కానీ 31 రాష్ట్రాలూ, విడిగా ఒక రాజధాని నగరమూ ఉన్న దేశం అది. వహాకాలో వండేది సొనోరాలో వండరు, యుకతాన్‌లో పెళ్ళిలో పెట్టేది మెక్సికో సిటీ వాడికి పండగ తిండి కాదు. "మెక్సికన్ చేద్దాం" అని మొదలుపెడితే ఏదీ కుదరదు, "ఈ ఆదివారం యుకతాన్ చేద్దాం" అనుకుంటే కుదురుతుంది. నేను చెప్పదలుచుకున్న అసలు విషయం ఇదే.

దీనికి పెద్ద సరంజామా అక్కర్లేదు. పెనం మీద నూనె లేకుండా కాల్చడం, ఎండుమిరపకాయని నానబెట్టి నూరడం, నూరిన ముద్దని వేడి నూనెలో పోసి దగ్గరపడేదాకా వేయించడం, ఈ మూడు పనులూ వస్తే సగం వంట వచ్చినట్టే. మిగతా సగం టోర్టియా, అంటే వాళ్ళ పల్చటి రొట్టె. దానికి చెయ్యి తిరగాలి, కొంచెం ఓపిక పట్టండి.

ముందు ప్రాంతాలు తెలుసుకోండి

ఉత్తరాన సొనోరా, చివావా లాంటి పొడి ప్రాంతాల్లో గోధుమా, పశువులూ ఎక్కువ. రెండూ స్పెయిన్ వాళ్ళు తెచ్చినవే. అక్కడ టోర్టియా గోధుమపిండితో, పల్చగా, కొవ్వు వేసి చేస్తారు, కాల్చిన గొడ్డుమాంసం, ఎండబెట్టిన మాంసం తింటారు. పశ్చిమాన హలిస్కోలో మేక మాంసంతో బిర్రియా అనే పులుసు, ఎర్ర పొసోలే (మొక్కజొన్న గింజలూ మాంసమూ వేసి కాచే పులుసు). పక్కనే మిచొవాకాన్‌లో పెద్ద రాగి గంగాళాల్లో పంది మాంసాన్ని దాని కొవ్వులోనే ఉడికించే కార్నీతాస్. 2010లో యునెస్కో మెక్సికో సంప్రదాయ వంటని వారసత్వ జాబితాలో చేర్చినప్పుడు నమూనాగా చూపించింది ఈ మిచొవాకాన్ వంటనే. గెరేరోలో గురువారం వచ్చిందంటే పొసోలే తినాల్సిందే, అక్కడ ఎక్కువగా పచ్చ పొసోలే, తెల్ల పొసోలే.

మధ్యలో పుయెబ్లా ఉంది, మోలే పొబ్లానో ఊరు. మోలే అంటే మిరపకాయలూ మసాలాలూ నూరి చేసే చిక్కటి సాస్. ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో దానిమ్మా, తాజా అక్రోట్లూ వచ్చే వేళకి అక్కడ చిలేస్ ఎన్ నొగాదా చేస్తారు: మాంసం కూరిన పెద్ద మిరపకాయ, పైన తెల్లటి అక్రోట్ సాస్, ఎర్రటి దానిమ్మ గింజలు. రాజధానిలో రాత్రి వీధుల్లో నిలువు కమ్మీ మీద తిరిగే అల్ పస్తోర్ మాంసం, లెబనాన్ నుంచి వలస వచ్చినవాళ్ళ షవర్మాకి మెక్సికన్ రూపం. తూర్పు తీరంలో వెరాక్రూజ్‌లో చేపని టమాటా, ఆలివ్, కేపర్లతో వండుతారు, అందులో స్పెయిన్ వాసన ఎక్కువ.

ఇక దక్షిణం. వహాకాకి ఏడు మోలేలు: నెగ్రో, రోహో, కొలొరదీతో, అమరీయో, వెర్దే, చిచిలో, మంచమంతేలెస్. యుకతాన్‌ది పూర్తిగా వేరే ప్రపంచం, మాయా జనాల వంట: జాఫ్రా (అన్నాటో) గింజల ఎరుపు, పుల్ల నారింజ, అరటాకు, హబనేరో అనే ఘాటు మిరపకాయ. తెలుగువాళ్ళు ఈ రెండింటిలో ఏదో ఒకదానితో మొదలుపెట్టాలని నా సలహా. మనకి అలవాటైన పనులే ఎక్కువ ఉంటాయి, దొరకని సరుకులు తక్కువ ఉంటాయి.

మిరపకాయ: కారం కోసం కాదు, రుచి కోసం

మిరప అమెరికా ఖండం నుంచి పోర్చుగీసు ఓడల్లో 16వ శతాబ్దంలో మన దేశానికి వచ్చింది. మనం దాన్ని కారానికి వాడుకున్నాం. అక్కడివాళ్ళు కారానికీ వాడతారు, కానీ చాలా సాస్‌లలో గుజ్జు మొత్తం మిరపకాయే. గుప్పెడు కాయలు నూరి వేసినా నోరు మండదు, ఎందుకంటే ఆ రకాల్లో కండ ఎక్కువ, ఘాటు తక్కువ. ఇది పట్టుకోకుండా మన ఎండుమిరపకాయలు గుప్పెడు వేసేస్తే ఆ పూట ఎవరూ అన్నం తినరు.

తెలియాల్సిన ఎండు కాయలు నాలుగు. ఆంచో అంటే ఎండిన పొబ్లానో, నల్లటి ముడతలతో వెడల్పుగా ఉంటుంది, ఎండుద్రాక్ష లాంటి తీపి వాసన. గ్వహీయో నున్నగా ఎర్రగా ఉంటుంది, కొంచెం పులుపు తగులుతుంది. పసీయా పొడవుగా, నల్లగా. చిలే దె ఆర్బోల్ సన్నగా, చిన్నగా, ఘాటుగా. వీటికి తోడు చిపోత్లే ఉంది, పండిన హలపీనోని పొగ పెట్టి ఎండబెట్టింది. అమెరికాలో ఉన్నవాళ్ళకి ఇవన్నీ ఏ మెక్సికన్ కొట్లో అయినా సంచుల్లో దొరుకుతాయి. ఒక జాగ్రత్త: కాలిఫోర్నియాలో చాలా కొట్లలో పచ్చి పొబ్లానో మీద పసీయా అని రాసి ఉంటుంది, పేరు చూసి కాదు, కాయ చూసి కొనండి.

ఇండియాలో ఉన్నవాళ్ళకి దారి ఇది. గ్వహీయో చోట బ్యాడగి వాడండి, లేదా వరంగల్ చపాటా. చపాటా పొట్టిగా, లావుగా, మంచి ఎరుపుతో ఉంటుంది, కారం తక్కువ, ఈ పనికి చక్కగా సరిపోతుంది. ఆంచో చోట కూడా చపాటానే వాడి, నూరేటప్పుడు ఐదారు ఎండుద్రాక్షలు కలపండి. ఆర్బోల్ చోట గుంటూరు సన్నం, ఒకటీ రెండూ చాలు. చిపోత్లేకి మాత్రం మన దగ్గర జోడీ లేదు, డబ్బాలో వచ్చేది కొనుక్కోండి లేదా స్మోక్డ్ పాప్రికా చిటికెడు వేసి సర్దుకోండి.

ఇప్పుడు పద్ధతి. తొడిమ తుంచి, కాయని పక్కన చీల్చి, గింజలూ లోపలి ఈనెలూ దులిపేయండి. పెనం మోస్తరు వేడిలో ఉండాలి. కాయని పరిచి గరిటెతో నొక్కి పట్టండి, నాలుగైదు సెకన్లలో లోపలి వైపు రంగు తేలి పొగాకు రంగులోకి తిరుగుతుంది, వాసన ముక్కుకి తగులుతుంది, వెంటనే తిప్పి ఇంకో మూడు సెకన్లు ఉంచి తీసేయండి. మాడి నల్లబడ్డ కాయని మొహమాటం లేకుండా పారేయండి, ఒక్క కాయ చేదు గిన్నె మొత్తానికి ఎక్కుతుంది. కిటికీలు తెరిచిపెట్టుకోండి, ఘాటుకి ఇల్లంతా దగ్గుతారు. వేయించినవాటిని వేడినీళ్ళలో 20 నిమిషాలు నానబెట్టి, నానిన నీళ్ళు కొంచెం నోట్లో వేసుకుని చూడండి. చేదుగా ఉంటే పారబోసి మంచినీళ్ళతో నూరండి, బాగుంటే ఆ నీళ్ళే వాడండి. మెత్తగా తిప్పాక జల్లెడలో వడగట్టండి. మన మిక్సీ ఎంత మంచిదైనా బ్యాడగి తొక్క పూర్తిగా నలగదు, అది పంటికి తగిలితే సాస్ అంతా ఇసుకలా అనిపిస్తుంది.

టోర్టియా, దాని వెనక సున్నం

మొక్కజొన్న గింజని సున్నపు నీళ్ళలో ఉడికించి, నానబెట్టి, కడిగి, నూరితే వచ్చేదే మాసా. అలా సున్నంలో ఉడికి నానిన గింజకి నిష్తమాల్ అని పేరు, ఈ పద్ధతి వేల ఏళ్ళ నాటిది. సున్నం వల్ల గింజ మీది పొట్టు ఊడుతుంది, పిండికి సాగే గుణం వస్తుంది, మొక్కజొన్నలో ఒంటికి అందకుండా ఉండే నయాసిన్ అనే విటమిన్ అందుతుంది, కాల్షియం అదనం. యూరప్ వాళ్ళు గింజ తీసుకెళ్ళి పద్ధతిని వదిలేశారు, మొక్కజొన్న మీదే బతికిన పేదలకి నయాసిన్ లోపంతో వచ్చే పెల్లాగ్రా జబ్బు పట్టుకుంది. హైదరాబాద్‌లోని పోషకాహార పరిశోధనా సంస్థ కూడా 1960లలో దక్కన్‌లో జొన్న మీద ఆధారపడ్డ పేదల్లో ఇదే జబ్బు మీద చాలా పని చేసింది, అయితే అక్కడ కారణాల చర్చ వేరు.

కొట్లో కొనేటప్పుడు ఒకటి గట్టిగా గుర్తుపెట్టుకోండి. ఇండియాలో "కార్న్ ఫ్లోర్" అని అమ్మే తెల్లటి పొడి గంజిపొడి, దాంతో టోర్టియా రాదు. పసుపు మొక్కజొన్న పిండి, అంటే మక్కపిండి, దాంతో రొట్టె వస్తుంది కానీ టోర్టియా రాదు, అంచులు విరిగిపోతాయి, రుచి కూడా వేరు. కావలసింది మాసా హరీనా, నిష్తమాల్ చేసిన పిండిని ఆరబెట్టి పొడి చేసింది. మసేకా బ్రాండ్ ఎక్కువగా కనిపిస్తుంది. ఇండియాలో ఆన్‌లైన్‌లో దొరుకుతుంది, ధర మాత్రం చురుక్కుమంటుంది.

పిండి 250 గ్రాములకి గోరువెచ్చని నీళ్ళు సుమారు 350 మిల్లీలీటర్లు, ఉప్పు అర టీస్పూను. నీళ్ళు ఒకేసారి పోయకండి. కలిపిన ముద్ద మెత్తగా, చేతికి అంటకుండా ఉండాలి. తడిగుడ్డ కప్పి అరగంట వదిలేయండి, ఈలోపు పిండి నీళ్ళు పీల్చుకుంటుంది. చిన్న ఉండ చేసి నొక్కి చూడండి: అంచులు పగిలితే ఇంకొంచెం నీళ్ళు కావాలి, ప్లాస్టిక్‌కి అతుక్కుంటే నీళ్ళు ఎక్కువయ్యాయి. పెద్ద నిమ్మకాయంత ఉండలు చేసుకోండి, 16 దాకా వస్తాయి.

పూరీ ప్రెస్ ఉంటే అదే టోర్టియా ప్రెస్. నూనె ప్యాకెట్ కవర్ కడిగి రెండు ముక్కలు కోసి, వాటి మధ్య ఉండ పెట్టి నొక్కండి. చపాతీ కర్రతో రుద్దొద్దు, ఈ పిండిలో గ్లూటెన్ లేదు కాబట్టి సాగదు, చిరుగుతుంది. ప్రెస్ లేకపోతే అడుగు చదునుగా ఉన్న బరువైన గిన్నెతో నొక్కండి. పై కవర్ ఊడదీసి, టోర్టియాని అరచేతిలోకి తిప్పుకుని, కింది కవర్ కూడా నెమ్మదిగా లాగేయండి.

పెనం ఇనుపది, బాగా కాలి ఉండాలి, నూనె చుక్క కూడా వద్దు. వేశాక 15 నుంచి 20 సెకన్లకి అంచులు పెనాన్ని వదులుతాయి, తిప్పండి. రెండో వైపు 45 సెకన్లు, అక్కడక్కడా గోధుమ రంగు మచ్చలు పడేదాకా. మళ్ళీ తిప్పి మధ్యలో వేళ్ళతో తట్టండి, వేడి సరిగ్గా ఉంటే పొంగుతుంది. పొంగకపోయినా తినొచ్చు, కంగారు పడకండి. తీసినవి తీసినట్టు మందపాటి గుడ్డలో చుట్టి పావుగంట ఉంచండి. ఈ పని మానొద్దు, పెనం మీంచి తీసిన టోర్టియా అట్టముక్కలా ఉంటుంది, గుడ్డలో ఆవిరికి మగ్గాకే మెత్తబడుతుంది.

అసలు గింజ నుంచే చేస్తామనే పట్టుదల ఉన్నవాళ్ళకి: ఎండు మొక్కజొన్న కిలోకి పొడి సున్నం 10 గ్రాములు, నీళ్ళు మూడు లీటర్లు. స్వీట్ కార్న్ పనికిరాదు, విత్తనాల కొట్లో గింజలు అసలు ముట్టుకోవద్దు, వాటికి మందు పూసి ఉంటుంది. సున్నం తినే రకమే వాడండి, తాంబూలంలోకి అమ్మే రంగూ వాసనా కలపని సాదా సున్నం పనికొస్తుంది. అది తడి ముద్ద కాబట్టి రెట్టింపు తూకం వేసుకోండి. గోడలకి వేసే సున్నం, నీళ్ళు పోసి చల్లార్చని రాతిసున్నం వద్దు. అల్యూమినియం గిన్నె కూడా వద్దు, స్టీలు వాడండి. సన్న మంట మీద 40 నిమిషాలు ఉడికాక ఒక గింజ తీసి వేళ్ళ మధ్య రుద్దితే పొట్టు జారాలి. దించి రాత్రంతా ఉంచి, పొద్దున మూడు నాలుగు నీళ్ళలో కడిగి నూరండి. ఇడ్లీ గ్రైండర్లో నీళ్ళు లేకుండా తిరగదు, అందుకని పిండి జారుగా వస్తుంది, కొంచెం మాసా హరీనా కలిపి గట్టిపరచండి.

సల్సా

ఇది మనవాళ్ళకి పది నిమిషాల పని, ఎందుకంటే రోటి పచ్చడి చేసిన చెయ్యికి సల్సా కొత్త కాదు. నాలుగు పండు టమాటాలు, పావు ఉల్లిపాయ, తొక్క తీయని వెల్లుల్లి రెబ్బలు రెండు పెనం మీద వేసి టమాటా తొక్క నల్లబడి నీరు కారేదాకా కాల్చండి. రెండు గుంటూరు మిరపకాయలు విడిగా వేయించుకోండి. రోట్లో ముందు ఉప్పూ వెల్లుల్లీ మిరపకాయలూ నూరి, తర్వాత ఉల్లిపాయ, చివర టమాటా వేసి కచ్చాపచ్చాగా దంచండి. కొత్తిమీర పైన. తాలింపు పెట్టొద్దు. చెయ్యి ఆవాల డబ్బా వైపు వెళ్తుంది, ఆపుకోండి. జీలకర్ర కూడా వద్దు.

పచ్చ సల్సాకి తొమతీయో కావాలి, పొరలో ఉండే పుల్లటి పచ్చకాయ. దొరక్కపోతే గట్టి పచ్చి టమాటాలు ఉడికించి, పచ్చిమిర్చి, కొత్తిమీరతో తిప్పి, నిమ్మరసం పిండండి. అచ్చం అదే రుచి రాదు, పని జరుగుతుంది.

మోలే కొలొరదీతో, నలుగురైదుగురికి

మోలే అంటే చాక్లెట్ సాస్ అనుకునేవాళ్ళు చాలామంది. ఏడింటిలో కొన్నిట్లోనే చాక్లెట్ ఉంటుంది, అది కూడా కొంచెమే, మిరప చేదుని గుండ్రంగా చేయడానికి. నెగ్రో జోలికి ముందే వెళ్ళకండి, దానికి చిల్వాక్లె అనే వహాకా మిరపకాయ కావాలి, మిరప గింజల్ని బొగ్గయ్యేదాకా మాడ్చాలి, తేడా వస్తే మొత్తం చేదే. కొలొరదీతో ఎర్రగా, కొంచెం తియ్యగా, మొదటిసారికి సరిగ్గా సరిపోతుంది.

కావలసినవి: చపాటా లేదా బ్యాడగి మిరపకాయలు 12 (ఆంచో, గ్వహీయో దొరికితే చెరి ఆరు), టమాటాలు 4, ఉల్లిపాయ 1, వెల్లుల్లి 5 రెబ్బలు, నువ్వులు 3 టేబుల్ స్పూన్లు, బాదం 15, ఎండుద్రాక్ష ఒక టేబుల్ స్పూను, దాల్చినచెక్క అంగుళంలో సగం, లవంగాలు 2, మిరియాలు 4, ఓరెగానో అర టీస్పూను, టోర్టియా లేదా బ్రెడ్డు ముక్క ఒకటి, తియ్యదనం తక్కువున్న చాక్లెట్ 20 గ్రాములు, చికెన్ ఉడికించిన నీళ్ళు మూడు కప్పులు. దాల్చినచెక్క పల్చగా, పొరలు పొరలుగా ఉండే సిలోన్ రకం అయితే మంచిది. బిర్యానీలో వేసే మందపాటి చెక్కకి ఘాటు ఎక్కువ, సగమే వేయండి.

మిరపకాయల్ని పైన చెప్పినట్టు వేయించి, నానబెట్టి, నూరి, వడగట్టి పక్కన పెట్టండి. టమాటా, ఉల్లి, వెల్లుల్లి పెనం మీద కాల్చండి. బాండీలో కొంచెం నూనె వేసి బాదం, ద్రాక్ష, టోర్టియా ముక్క ఒక్కొక్కటీ విడివిడిగా వేయించండి. అన్నీ కలిపి వేస్తే బాదం వేగేలోపు ద్రాక్ష మాడుతుంది. నువ్వులు మాత్రం నూనె లేకుండా, చిటపటలాడి బంగారు రంగు వచ్చేదాకా. వీటన్నిటినీ మసాలాలతో కలిపి, కొంచెం చికెన్ నీళ్ళు పోస్తూ వెన్నలా తిప్పండి.

ఇప్పుడు అసలు ఘట్టం. మందపాటి గిన్నెలో మూడు టేబుల్ స్పూన్ల నూనె బాగా కాగనివ్వండి, ఒక చుక్క మిరప ముద్ద వేస్తే చుయ్యిమనాలి. ముందు మిరప ముద్ద ఒక్కటే పోయండి. చిందుతుంది, మూత చేతిలో పట్టుకోండి. అడుగంటకుండా కలుపుతూ ఎనిమిది పది నిమిషాలు వేయిస్తే రంగు ఇటుక ఎరుపు నుంచి ముదురు ఎరుపుకి తిరుగుతుంది, గరిటె లాగితే గిన్నె అడుగు కనిపించి, అంచుల్లో నూనె తేలుతుంది. పచ్చి మిరప వాసన పోయేది ఇక్కడే, తొందరపడితే ఎంత ఉడికించినా పోదు. ఆ తర్వాత టమాటా, గింజల ముద్ద వేసి ఇంకో పది నిమిషాలు. చికెన్ నీళ్ళు పోసి, చాక్లెట్, ఉప్పు, ఓరెగానో వేసి సన్న మంట మీద 40 నిమిషాలు. గరిటె వెనక మందంగా పూత పట్టాలి. ఉడికిన చికెన్ ముక్కలు అందులో వేసి, తెల్లన్నం పక్కన పెట్టి, పైన నువ్వులు చల్లండి.

శాకాహారులకి చికెన్ నీళ్ళ బదులు కూరగాయలు ఉడికించిన నీళ్ళు, ముక్కల బదులు బంగాళాదుంప, బీన్స్, బెంగుళూరు వంకాయ. చివరిది ప్రయోగం కాదు, ఆ కాయ పుట్టిల్లే మెక్సికో, వహాకా అమరీయో మోలేలో దాన్ని మామూలుగానే వేస్తారు. ముద్ద దశలో సగం తీసి ఫ్రిజ్‌లో గడ్డకట్టిస్తే రెండు మూడు నెలలు ఉంటుంది, కాబట్టి రెట్టింపు చేసుకోండి, ఇంత శ్రమ ఒక్క పూటకి వద్దు.

యుకతాన్ ఆదివారం: అరటాకులో చికెన్, గుమ్మడి గింజల పచ్చడి

అక్కడ నేలలో గొయ్యి తవ్వి, నిప్పులూ రాళ్ళూ పేర్చి, అరటాకులో చుట్టిన పంది మాంసం పూడ్చి వండుతారు, కొచినీతా పిబిల్ అంటే అదే. అపార్ట్‌మెంట్‌లో గొయ్యి తవ్వలేం కాబట్టి ఇడ్లీ పాత్ర చాలు.

జాఫ్రా గింజలు మూడు టేబుల్ స్పూన్లు రాత్రంతా వేడినీళ్ళలో నానబెట్టండి. రాళ్ళలా ఉంటాయి, నానకపోతే మిక్సీ బ్లేడు పోతుంది. పొద్దున వాటితో మిరియాలు ఒక టీస్పూను, లవంగాలు 4, ఆల్‌స్పైస్ 4, జీలకర్ర అర టీస్పూను (ఇక్కడ వేస్తారు, తక్కువగా), ఓరెగానో ఒక టీస్పూను, కాల్చిన వెల్లుల్లి 8 రెబ్బలు, ఉప్పు, ముప్పావు కప్పు పుల్ల నారింజ రసం కలిపి మెత్తగా తిప్పండి. పులిహోరలోకి వాడే పుల్ల నారింజకాయ ఈ పనికి సరైనది. లేకపోతే రెండు వంతులు కమలా రసం, ఒక వంతు నిమ్మరసం. కిలో ఎముకతో ఉన్న చికెన్‌కి పట్టించి నాలుగు గంటలు ఫ్రిజ్‌లో ఉంచండి. చేతికి గ్లవ్స్ వేసుకోండి, గట్టు మీద పడితే వెంటనే తుడవండి, ఆ ఎరుపు ఓ పట్టాన వదలదు.

అరటాకుని మంట మీద అటూ ఇటూ చూపిస్తే నిగనిగలాడుతూ మెత్తబడుతుంది, అప్పుడు మడిస్తే చిరగదు. చికెన్, రసం అంతా అందులో పోసి పొట్లం కట్టి, ఆవిరి మీద గంటంపావు ఉడికించండి. పంది మాంసమైతే ఓవెన్లో 160 డిగ్రీల మీద మూడు గంటలు. మాంసం చేత్తో విడదీస్తే పోగులుగా రావాలి. పక్కన ఉల్లిపాయ తప్పనిసరి: ఎర్ర ఉల్లిపాయలు సన్నగా తరిగి, మరిగే నీళ్ళు పోసి వెంటనే వంపేసి, ఉప్పు, పుల్ల నారింజ రసం, ఘాటు మిరపకాయ ముక్క వేసి అరగంట ఊరనివ్వండి, గులాబీ రంగులోకి తిరుగుతాయి.

సికిల్ పాక్ శాకాహారులకి వరం. ఒక కప్పు ఒలిచిన గుమ్మడి గింజలు వేయించి పొడి చేసి, కాల్చిన టమాటాలు మూడు, ఒక ఘాటు మిరపకాయ, కొత్తిమీర, ఉప్పు, నిమ్మరసం వేసి కచ్చాపచ్చాగా తిప్పండి. గట్టి ముద్దలా ఉండాలి. టోర్టియా ముక్కలతో తింటారు. నాకైతే వేడన్నంలో కూడా నచ్చింది, యుకతాన్ రాజధాని మెరిదా వాళ్ళు ఒప్పుకోకపోవచ్చు.

మన పెరట్లో ఉన్నవి

గంగవాయిలకూరని అక్కడ వెర్దొలాగాస్ అంటారు, పచ్చ సల్సాలో పంది మాంసంతో వండుతారు. మాంసం లేకుండా బంగాళాదుంపతో చేయండి, బాగుంటుంది. తోటకూర జాతి లేత ఆకుల్ని వెల్లుల్లితో వేయించి టోర్టియాలో పెట్టుకుంటారు. నాగజెముడు లేత మట్టలు ముళ్ళు గీకి కాల్చుకుని తింటారు, ఇది మన దగ్గర ప్రయత్నించమని చెప్పను, శుభ్రం చేసినవి దొరికే ఊళ్ళో ఉంటే చూడండి.

ఎర్ర గోంగూర పూల రేకుల్లాంటి తొనలు ఉంటాయి కదా, పచ్చడి చేస్తాం, అవి ఎండబెట్టి మెక్సికోలో రోజూ తాగే హమైకా నీళ్ళు చేస్తారు. ఎండు తొనలు ఒక కప్పు, లీటరు నీళ్ళలో ఐదు నిమిషాలు మరిగించి, 20 నిమిషాలు మూత పెట్టి వడగట్టి, పంచదార కలిపి, ఇంకో లీటరు చల్లటి నీళ్ళు పోయండి. చింతపండు నీళ్ళు కూడా అక్కడ ఇంటింటా చేస్తారు.

బీన్స్ గురించి రెండు ముక్కలు. దక్షిణాన నల్ల బీన్స్, ఉత్తరాన పింటో. రాత్రంతా నానబెట్టి కుక్కర్లో ఉల్లిపాయ ముక్క, వెల్లుల్లి, ఉప్పుతో ఉడికిస్తే చాలు. పసుపూ, అల్లం వెల్లుల్లి పేస్టూ, గరం మసాలా వేస్తే అది రాజ్మా అయిపోతుంది.

అక్కడికి వెళ్ళి తినేటప్పుడు

మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు మధ్య చిన్న హోటళ్ళలో కొమీదా కొర్రీదా అడగండి: సూప్, అన్నం, ఒక కూర, టోర్టియాలు, పళ్ళ నీళ్ళు, మన మీల్స్ ధోరణిలో తక్కువ ధరకి. అల్ పస్తోర్ రాత్రి తినేది. గొర్రె మాంసం బర్బకోవా ఆదివారం పొద్దున, మధ్యాహ్నానికి అయిపోతుంది. వహాకా సిటీలో వెంతె దె నొవియెంబ్రే మార్కెట్‌లో పొగ నిండిన వరసలో మాంసం ఎంచుకుంటే అక్కడే కాల్చిస్తారు. టాకో బండి దగ్గర "కోన్ తోదో" అంటే ఉల్లి, కొత్తిమీర వేస్తారు, సల్సా మీరే వేసుకోవాలి, ముందు చేతి వెనక ఒక చుక్క వేసుకుని రుచి చూడండి. మేం కారం తినేవాళ్ళం అనే ధీమా యుకతాన్‌లో చూపించొద్దు, పచ్చి హబనేరో మన పచ్చిమిర్చికి చాలా పైమెట్టు.

శాకాహారులు జాగ్రత్తగా అడగాలి. బీన్స్‌లో, తమాలెస్‌లో (ఆకులో చుట్టి ఆవిరి మీద ఉడికించే మాసా) పంది కొవ్వు కలుపుతారు, అన్నం చికెన్ నీళ్ళతో వండుతారు. "సిన్ మంతేకా" అంటే కొవ్వు లేకుండా, "సిన్ కాల్దో దె పొయో" అంటే చికెన్ నీళ్ళు లేకుండా. కార్నె (మాంసం) వద్దు అని మాత్రమే చెబితే చాలామందికి అది చికెన్‌కి వర్తించదు.

ఇంట్లో మిగిలిన టోర్టియాలు పారేయకండి. మర్నాటికి గట్టిపడతాయి, అదే మంచిది. త్రికోణాలుగా కోసి కరకరలాడేలా వేయించి, పల్చగా చేసిన సల్సా మరుగుతుండగా అందులో వేసి, ఒక్క నిమిషం తిప్పి దించండి. ఇదే చిలకీలెస్. పైన ఉల్లి చక్రాలు, ఉప్పు కలిపి చిదిమిన పనీర్, గుడ్డు తినేవాళ్ళు ఒక ఆఫ్ బాయిల్. అందరూ కూర్చున్నాకే సల్సాలో వేయండి, ఐదు నిమిషాలు ఆలస్యమైతే మెత్తటి ముద్దయిపోతుంది.